పటం ఎవరిది?

మాదిగవాడలో పుట్టినోనికి 'పబ్లిక్' అనే మాట మీద అంత తొందరగా నమ్మకం కుదరదు. ఊరబావి పబ్లిక్‌ది. చెరువు పబ్లిక్‌ది. గుడి, హోటలు, పంచాయతీ ఆఫీసు అరుగు అన్నీ పబ్లిక్‌వే. కాని ఆ పబ్లిక్‌లో మమ్మల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. సర్కారు సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్ళకూ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. అయినా మహద్‌లో చవుదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకోవడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకొని నడవాల్సి వచ్చింది. నడిచినందుకు మనవాళ్ళు దెబ్బలు తిన్నారు. ఆ తర్వాత సవర్ణులు చెరువులో ఆవుపేడ, ఆవుమూత్రం పోసి 'శుద్ధి' చేసుకున్నారు. పేడకంటే మా చేతులే మైల అన్నమాట.

అందుకే ఎవరైనా 'మా దగ్గరున్నదాన్ని పబ్లిక్‌కు చూపిస్తున్నాం' అంటే నాకు రెండు ప్రశ్నలు పుడతాయి. అది మీ దగ్గరికి ఎట్ల వచ్చింది? మీ పబ్లిక్‌లో ఎవరెవరున్నారు?

ఈ ప్రశ్నలను మళ్ళీ లేపింది నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లగాడు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. వాడు మా వాడోడే. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో పైచదువు చదువుతున్నాడు. పగలు కాలేజీ, రాత్రి గోదాములో డబ్బాలు మోసే పని. టికెట్ లేదని ఒక ఆదివారం అక్కడి చిత్రశాలకు పోయాడట. గోడలనిండా ఆస్ట్రేలియా మూలవాసులు గీసిన బొమ్మలు. తర్వాత ఇంకోచోట ఒక ధనవంతుడు తన ఇంట్లో దాచుకున్న అలాంటి బొమ్మలను జనానికి చూపిస్తున్నాడని విని అక్కడికీ పోయాడు. ఆ రాత్రి ఫోన్లో మెసేజ్ పెట్టాడు. "సార్, అన్నీ పెట్టలేదు. కొన్నిటిని ఆ తెగ పెద్దమనుషులు చూపించొద్దన్నరట. మనం తలుపులు తెరవమని కొట్లాడితిమి. వీళ్ళు మూయమంటున్నరు. ఏంది సార్ ఇది?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దొరికింది దొరికినట్టు చదివాను. ఈ వ్యాసం వానికి జవాబు. మనకు కూడా అవసరమైన జవాబే అనుకుంటున్నాను.

బొమ్మ గీయడం ఆ జనానికి కొత్తగాదు. వేల ఏండ్లుగా రాతి మీద, చెట్టు బెరడు మీద, ఒంటి మీద, ఇసుక మీద గీస్తున్నారు. ఇసుక మీద గీసింది తంతు అయిపోగానే చెరిపేస్తారు. అది దాచిపెట్టుకునే వస్తువు కాదు. వాళ్ళ బొమ్మల వెనకున్నదాన్ని ఇంగ్లీషువాళ్ళు 'డ్రీమింగ్' అన్నారు. దాన్ని కల అని తెలుగుచేస్తే అర్థం చెడిపోతుంది. తొలి పూర్వీకులు నడిచిన దారి, ఆ నడకలో పుట్టిన కొండ, బుగ్గ, వాగు, ఆ నేల మీద బతికేవాళ్ళు పాటించాల్సిన కట్టుబాటు, ఇవన్నీ కలిసిన మాట అది. ఒక బొమ్మను ఎవరంటే వాళ్ళు గీయడానికి లేదు. ఏ నేల కథ ఎవరికి సంక్రమించిందో వాళ్ళే గీయాలి. మన లెక్కలో చెప్పాలంటే ఆ బొమ్మ వాళ్ళకు దేవునిపటమూ అవుతుంది, భూమి పట్టా కూడా అవుతుంది.

ఇప్పుడు ధనవంతుల గోడల మీద కనిపించే ఎడారి చిత్రాల కథ మాత్రం ఒక బడిగోడ మీద మొదలైంది. టీచరును గనక అది నాకు దగ్గరగా తోచింది. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి పడమర దిక్కున సుమారు 240 కిలోమీటర్ల దూరంలో పాపున్యా అనే చోటుంది. పింటుపి, లురిట్జా, వల్పిరి వంటి వేరువేరు జనాలను వాళ్ళ నేలల నుంచి తెచ్చి ప్రభుత్వం అక్కడ కుదేసింది. మీ బతుకు విడిచి తెల్లవాళ్ళలాగ మారండి అనేది అప్పటి విధానం. 1971లో జెఫ్రీ బార్డన్ అనే తెల్ల టీచరు ఆ బడికి వచ్చాడు. పిల్లలు ఇసుకలో గీసుకునే గీతలను చూసి వాటినే గీయమన్నాడు. కొన్నాళ్ళకు పెద్దమనుషులు ముందుకొచ్చారు. కాపా జంపిజిన్పా ముందుండి, బడిగోడ మీద తేనెచీమ బొమ్మ వేశారు. ఆ చోటు కథ తేనెచీమ కథే. మీ నాగరికత నేర్పుతామని తెచ్చిన బడి గోడ మీద, ఈ నేల మాది అని వాళ్ళు రాసుకున్నట్టయింది. అదే ఏడాది ఆగస్టులో కాపా బొమ్మకు ఆలిస్ స్ప్రింగ్స్‌లో జరిగిన పోటీలో మొదటి బహుమతిలో వాటా వచ్చింది. 1972లో చిత్రకారులు తామే యజమానులుగా పాపున్యా తులా అనే కంపెనీ పెట్టుకున్నారు. 1974లో ఆ బడిగోడకు కొత్త రంగు కొట్టారు. తేనెచీమ దాని కిందకు పోయింది.

నేను పనిచేసిన ప్రతి బడిలోనూ గోడ మీద సరస్వతి ఉంది. వీణ ఉంది. డప్పు ఏ గోడ మీదా లేదు. మా పిల్లలు నోటుపుస్తకం వెనక అట్ట మీద గీస్తారు డప్పును. అందుకే పాపున్యా బడిగోడ గురించి చదువుతుంటే గుండె పట్టేసినట్టయింది.

ఇక ఆ బొమ్మలు ఇండ్లల్లోకి ఎట్ల పోయాయో చూద్దాం. జానీ వరంకుల జుపురుల అనే పాపున్యా చిత్రకారుడు 1972లో కలిపిన్‌పా అనే చోటు నీళ్ళ కథను బొమ్మ వేశాడు. అప్పుడది 150 డాలర్లకు పోయింది. 1997 వేలంలో అదే బొమ్మ 2,06,000 ఆస్ట్రేలియా డాలర్లు పలికింది. 2000లో మళ్ళీ వేలానికి వచ్చి 4,86,500 పలికింది. గీసినాయన అప్పటికి బతికే ఉన్నాడు. ఆ రెండు అమ్మకాల్లోనూ చట్టప్రకారం ఆయనకు రావాల్సింది ఏమీ లేదు. 2001లో పోయాడు. క్లిఫర్డ్ పోసమ్ జపల్జారి 1977లో వేసిన 'వర్లుగులాంగ్' అనే పెద్ద చిత్రాన్ని ఒక బ్యాంకు 1,200 డాలర్లకు కొని తన క్యాంటీన్‌లో వేలాడదీసింది. 2007లో అది 24 లక్షల డాలర్లకు ఆ దేశపు జాతీయ చిత్రశాలకు చేరింది. పోసమ్ 2002లోనే కన్నుమూశాడు. వేలంలో మళ్ళీ అమ్ముడుపోయినప్పుడు గీసినోనికో, వాని వారసులకో అయిదు శాతం ఇవ్వాలనే చట్టం 2009లో చేశారు. 2010 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అది వచ్చేసరికి మొదటి తరం చాలావరకు మట్టిలో కలిసిపోయింది.

వీళ్ళకంటే ముందటి ఆల్బర్ట్ నమట్జీరా కథ వింటే మనకు మన ఊరే గుర్తొస్తుంది. నీళ్ళరంగుల్లో తన నేల కొండలను గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. బొమ్మలు తెల్లవాళ్ళ ఇండ్లల్లో ఉండొచ్చు, గీసినోడు వాళ్ళ వీధిలో ఉండొద్దు. మా చెప్పులు దొర కాళ్ళకుండొచ్చు, మా కాళ్ళకు చెప్పులుండొద్దు అన్నట్టే ఇది. 1957లో ఆయనకు పౌరసత్వం ఇచ్చారు. అంటే అంతవరకు తన దేశంలో తాను పౌరుడు కాదు. ఆ పౌరసత్వంతో మద్యం కొనే హక్కు వచ్చింది, తన తెగవాళ్ళకు మాత్రం ఆ హక్కు లేదు. ఉన్నది పంచుకోవడం వాళ్ళ ధర్మం. ఆ పంపకమే నేరమని 1958లో శిక్ష వేశారు. ఆ శిక్షను ఆయన అనుభవించింది ఇదే పాపున్యాలో. 1959లో చనిపోయాడు. ఆయన బొమ్మల మీద కాపీరైట్‌ను 1983లో సర్కారు ట్రస్టీ, కుటుంబాన్ని అడగకుండా ఒక ప్రచురణ సంస్థకు 8,500 డాలర్లకు అమ్మేశాడు. అది తిరిగి కుటుంబం పెట్టుకున్న ట్రస్టుకు దక్కింది 2017లో. చెల్లించింది ఒక్క డాలరు. ముప్ఫై నాలుగేండ్లు తాతబొమ్మ మీద మనుమలకు హక్కు లేకుండా గడిచింది.

డేవిడ్ మలాంగి సంగతి ఇంకా విచిత్రం. ఆస్ట్రేలియా 1966లో కొత్తగా వేసిన ఒక డాలరు నోటు వెనక ఆయన బెరడు చిత్రమే ఉంది. వేసేముందు ఆయన్ను ఎవరూ అడగలేదు. విషయం బయటపడ్డాక 1,000 డాలర్లు, ఒక పతకం, చేపలుపట్టే సామాను ఇచ్చారు. దేశంలో ప్రతి జేబులోకి పోయిన బొమ్మకు అది లెక్క. ఇంతకంటే పబ్లిక్ ఏముంటుంది? పబ్లిక్ అయినంత మాత్రాన న్యాయం కాదని చెప్పడానికి ఆ నోటు చాలు.

ఈ దారిలోనే ఎన్నో బొమ్మలు ఆస్ట్రేలియా, అమెరికా, యూరప్ ధనవంతుల ఇండ్లకు చేరాయి. ఇప్పుడు వాళ్ళల్లో కొందరు తలుపులు తెరుస్తున్నారు. మ్యూజియాలకు ఇస్తున్నారు, పుస్తకాలు వేస్తున్నారు. ఇది మంచిపనే. ఇనుప బీరువాలో పడివుండేకంటే జనం చూడటం మేలు. మా పిల్లగాడు మెల్‌బోర్న్‌లో చూడబట్టే గదా నేను ఇదంతా చదివింది. కాని వాడు అడిగింది మంచిచెడుల గురించి కాదు, ఆ మూసిపెట్టిన కొన్ని బొమ్మల గురించి.

1971, 72లలో పాపున్యా పెద్దలు చిన్నచిన్న చెక్కల మీద గీసినప్పుడు, దీక్ష తీసుకున్న మగవాళ్ళు మాత్రమే చూడాల్సిన పూజావస్తువులను, తంతులను కొన్నిట్లో దాపరికం లేకుండా గీశారు. అవి ఎంతదూరం పోతాయో అప్పుడు ఎవరికి తెలుసు? బయట ప్రదర్శనలు మొదలయ్యాక ఎడారిలోని ఇతర జనాలు అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత చిత్రకారులు ఆ భాగాలను గీయడం మానుకుంటూ వచ్చారు, చుక్కలతో కప్పుతూ వచ్చారు. ఇప్పుడు లోకమంతా మెచ్చుకునే ఆ చుక్కల్లో కొన్ని తెరలు. అమెరికాలో విల్కర్సన్ దంపతులు తమ సొంత సేకరణలోని తొలినాటి పాపున్యా బొమ్మలను 2009లో కార్నెల్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు, సున్నితమైన బొమ్మలను పుస్తకంలో కలపకుండా వేరే అనుబంధంగా వేయాల్సి వచ్చింది. డార్విన్‌లోని మ్యూజియం దగ్గర తొలినాటి పాపున్యా బొమ్మలు రెండు వందలకు పైగా ఉన్నాయి. 2017లో వాటిని జనానికి చూపించేముందు పెద్దమనుషులను పిలిచి కూర్చోబెట్టుకున్నారు. ఏది గోడ మీద ఉండాలి, ఏది ఉండొద్దు అని వాళ్ళు చెప్పారు.

ఇక్కడ నాలోని మాదిగోనికి గొంతులో ముల్లు దిగినట్టయింది. చూడొద్దు, వినొద్దు, ముట్టొద్దు అనే మూడు మాటలతోనే గదా ఈ దేశం మమ్మల్ని తొక్కింది. వేదం వింటే శూద్రుని చెవిలో సీసం పొయ్యాలని శాస్త్రం రాసుకున్నారు. అక్షరాన్ని రహస్యం చేశారు. గర్భగుడిని రహస్యం చేశారు. అంబేద్కర్ 1930లో నాసిక్ కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహం మొదలుపెట్టింది ఆ తలుపు తెరవమనే. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి. ఎవరో తలుపులు తన్నబట్టే నేను ఇక్కడ కూర్చొని రాస్తున్నాను. అలాంటివాణ్ణి 'ఇది పవిత్రం, అందరూ చూడరాదు' అనే మాటను సమర్థించాలా?

ఆలోచించగా ఆలోచించగా రెండు తలుపులు ఒకటి కావని తేలింది. చెరువు తలుపు మూసినోడు నీళ్ళను, భూమిని, బడిని, కచేరీని గుప్పిట్లో పెట్టుకున్నోడు. వాడు మూయడం వల్ల మా పిల్లలు గొంతెండి చచ్చారు. అక్షరం మూయడం వల్ల మా తాతలు వడ్డీ కాగితాల మీద చదవకుండా వేలిముద్రలు వేసి బానిసలయ్యారు. పాపున్యా పెద్దలు ఒక బొమ్మను చూపించొద్దంటే న్యూయార్క్‌లో ఎవరికి గొంతెండుతుంది? ఎవరి భూమి పోతుంది? నేల గుంజుకున్నారు, పిల్లలను గుంజుకున్నారు, భాషను గుంజుకున్నారు. వాళ్ళ చేతిలో మిగిలింది తమ కథ ఒక్కటే. దానికి తలుపు పెట్టుకునే హక్కు కూడా లేదంటే, అది సమానత్వం కాదు, ఇంకో దోపిడి. ఉన్నోడు అందరిదాన్ని తనదని మూస్తే అది కులం. ఏమీ లేనోడు తనదాన్ని తాను కాపాడుకుంటే అది ఆత్మగౌరవం. తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అని కాదు, తాళంచెవి ఎవరి చేతిలో ఉందని అడగాలి.

ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఆ తెగల్లోపలే ఆడవాళ్ళు చూడొద్దనేవి, పిల్లలు చూడొద్దనేవి ఉన్నాయి గదా, అది అన్యాయం కాదా? ఆడవాళ్ళకు తమవైన తంతులు, తమ బొమ్మలు ఉన్నాయి. వాటిని మగవాళ్ళు చూడరాదు. వయసుతో, దీక్షతో ఒక్కో మెట్టు ఎక్కుతూ తెలుసుకునే పద్ధతి అది. పుట్టుకతో ఒక జనాన్ని చచ్చేదాకా బయట నిలబెట్టే మన పద్ధతి కాదు. అయినా అందులో మార్చాల్సింది ఉంటే వాళ్ళే కొట్లాడి మార్చుకుంటారు. డబ్బుతో బొమ్మ కొన్నోడు మధ్యలో వచ్చి మీ ఆడవాళ్ళకు నేను విముక్తి ఇస్తానంటే నవ్వొస్తుంది. ఆ మాట చెప్పేవాళ్ళను మనం ఇక్కడ కూడా చూశాం.

ఇది దూరదేశపు కథ అని ఊరుకోలేను. మాకూ ఒక పటం ఉంది. నేను ప్రైమరీ బడిలో ఉన్నంతకాలం పంటలు ఇంటికొచ్చే కాలంలో డక్కలి తాత మా వాడకు వచ్చేవాడు. వాడ బయట చింతచెట్టు కింద గుడిసె గుడ్డ వేసుకునేవాడు. చీకటి పడ్డాక కిన్నెర వాయించుకుంటూ గుడ్డపటం విప్పి జాంబపురాణం చెప్పేవాడు. ఎర్రటి నేల మీద బొమ్మలు. కట్టెపుల్లతో ఒక్కో బొమ్మను చూపిస్తూ, భూమి పుట్టడానికి ఆరునెలల ముందే పుట్టినోడు మీ జాంబవుడు అని చెప్పేవాడు. పగలు బడిలో వెనకవరసలో కూర్చున్న నేను రాత్రి ఆ పటం ముందు మొదటివరసలో కూర్చునేవాణ్ణి. పుస్తకంలో మేము ఎక్కడా లేము. పటంలో మాతోనే లోకం మొదలయ్యేది. అలాంటి పటాలు చేర్యాల దిక్కు నకాషీవాళ్ళు గీసేవాళ్ళు. ఏ కులానికి ఏ పటమో, దాన్ని ఎవరు చెప్పాలో కట్టుబాటు ఉండేది. గీసేది ఒకరు, చెప్పేది ఇంకొకరు, కథ మాది. ముగ్గురు కలిస్తేనే పటం.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు తాత ఉత్త కిన్నెరతో వచ్చాడు. "పటమేదే?" అని మా నాయిన అడిగిండు. "పట్నం ఆసామి వచ్చి అడిగిండు బిడ్డా. మనుమరాలి పెండ్లికి కూడలేదు. రెండు వేలిచ్చిండు, ఇచ్చిన." ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి గాలిలో వేలు ఆడిస్తూ కథ చెప్పాడు. ఇగో ఇక్కడ జాంబవుడు, ఇగో ఇక్కడ కామధేనువు అని లేని పటం మీద చూపించాడు. పెద్దోళ్ళకు కనిపించినయో ఏమో. మా పిల్లలకు కనిపించలేదు. మరుసటేడు రాలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ రాలేదు.

బీఎడ్ చదివేటప్పుడు నగరంలో ఒక ప్రదర్శనకు పోయాను. ఎవరో పెద్దమనిషి సొంత సేకరణను జనం కోసం పెట్టారు. అద్దం వెనక ఎర్రనేల పటం ఉంది. అందులో మా జాంబవుడున్నాడు. అది మా తాత పటమేనని చెప్పలేను, అదే అయితే ఏమి, వేరేదైతే ఏమి. పక్కన అతికించిన చీటీలో దాచినాయన పేరు ఉంది. శతాబ్దం ఉంది. పొడుగు వెడల్పులున్నాయి. గీసినోని పేరు లేదు. డక్కలి అన్న మాట లేదు. మాదిగ అన్న మాట అసలే లేదు. 'జానపద కళ' అని ఉంది. నా పక్కన ఒకామె "రంగులు ఎంత బాగున్నాయో" అన్నది. నిజమే, రంగులు బాగున్నాయి. ఆమె తప్పేమీ లేదు. ఆ చీటీ ఆమెకు ఇంకేమీ చెప్పలేదు.

ఆయన కొని దాచకుంటే చెదలు తినేది గదా అని ఒక వాదన ఉంది. అదీ నిజమే. పాతబడిన పటాన్ని నదిలో విడిచి కొత్తది గీయించుకునే ఆచారం కూడా ఉండేది. దాచినందుకు మనం కాదనలేము. కాని దాచినోడు వస్తువుకు కాపలాదారు అవుతాడు, కథకు యజమాని కాడు. ఇక మనవైపు కూడా చూసుకోవాలి. ఆ డక్కలి తాతను మా వాడ గడప తొక్కనిచ్చిందా? మా అవ్వ దూరం నుంచే చాటలో గింజలు పోసేది. మా పురాణం మోసినోన్నే మేము ఎడంగా నిలబెట్టాం. ఊరు మాకు చేసింది మేము వాళ్ళకు చేశాం. మనుమరాలి పెండ్లికి మా వాడ చందాలు వేసి ఉంటే ఆ పటం పోయేదా? పటం గురించి మాట్లాడే హక్కు మాకెంతో, మాకంటే ముందు డక్కలోళ్ళకు అంత.

అయితే చూపించడం ఎట్లుండాలి? దానికి కూడా ఆ దేశంలోనే ఉదాహరణలున్నాయి. ఉత్తర తీరంలో యిర్కాలా దగ్గర యోల్ంగు జనం నేలను బాక్సైట్ గనికి ఇస్తున్నప్పుడు, 1963లో వాళ్ళు బెరడు మీద తమ వంశాల బొమ్మలు గీసి, నడుమ తమ భాషలో, ఇంగ్లీషులో విన్నపం అంటించి పార్లమెంటుకు పంపారు. గని ఆగలేదు. 1971లో కోర్టు కూడా కాదన్నది. వాళ్ళు గీయడం మానలేదు. 1996లో జాంబావా మారవిలి అనే పెద్దమనిషి తమ పుణ్యస్థలంలో, దొంగతనంగా చేపలుపట్టేవాళ్ళు నరికిపారేసిన మొసలి తల చూశాడు. (ఆ పేరు చదివి ఒక్క క్షణం మా జాంబవుడే అనుకున్నా. సంబంధమేమీ లేదు, మనసు పోయింది అంతే.) మొసలి వాళ్ళ కులదైవం లాంటిది. అప్పుడు చిత్రకారులంతా కలిసి సముద్రం మీద తమ హక్కును చెప్పే 80 బెరడు చిత్రాలు గీశారు. అవి దేశమంతా తిరిగాయి. వాటిని వాళ్ళే చూపించాలనుకున్నారు, ఏది చూపించాలో వాళ్ళే ఎంచుకున్నారు. 2008లో ఆస్ట్రేలియా హైకోర్టు, మూలవాసుల నేలను ఆనుకొని ఆటుపోట్లు తాకే నీళ్ళ మీద కూడా అధికారం వాళ్ళదే అని తీర్పు చెప్పింది. నాకు తెలిసి చూపించడం అంటే అదీ.

సొంత సేకరణల్లో కూడా మంచిదారి పట్టినవి ఉన్నాయి. అమెరికాలో ఎడ్వర్డ్ రూయీ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ 1965 నుంచి ఈ చిత్రాలను పోగుచేశాడు. ఆయన పోయాక వాటిని జాన్ క్లూగీ అనే కోటీశ్వరుడు కొని, తాను కొన్నవాటితో కలిపి 1997లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. సొంత ఇంటి నుంచి పబ్లిక్‌లోకి వచ్చింది. మామూలుగా కథ ఇక్కడ అయిపోతుంది. దాత పేరు గోడకెక్కుతుంది. ఇక్కడ అయిపోలేదు. 2015లో అదే జాంబావా మారవిలి అక్కడికి పోయి తన పెద్దల బొమ్మలను చూశాడు. వాటి కథను చెప్పాల్సింది మేము అన్నది అక్కడినుంచే మొదలైంది. ఏడేండ్ల పని. 2022లో 'మాదయిన్' అనే పేరుతో ఎనభయ్యేండ్ల బెరడు చిత్రాల ప్రదర్శన అమెరికాలో తెరుచుకుంది. ఏది ఎక్కడ ఉండాలో యోల్ంగు వాళ్ళే నిర్ణయించారు. పుస్తకం వాళ్ళ భాషలోనూ ఇంగ్లీషులోనూ వచ్చింది.

కాబట్టి మా పిల్లగానికి నేను రాసింది ఇది. ఒరే, మూసిన బొమ్మల గురించి బాధపడకు. తెరిచిన బొమ్మల పక్కనున్న చీటీలు చదువు. గీసినోని పేరుందా? వాని నేల పేరుందా? ఎంతకు కొన్నారో ఉందా? ఆ జనంలో ఒక్కరైనా అక్కడ ఉద్యోగంలో ఉన్నారా, లేక గోడల మీద మాత్రమే ఉన్నారా? పుస్తకం అమ్మితే, గుడ్డల మీద అచ్చేసి అమ్మితే వాళ్ళకు వాటా పోతుందా? వద్దు అని చెప్పే అధికారం వాళ్ళకుందా? వద్దన్నదాన్ని నిజంగానే తీసి పక్కన పెట్టారా? పెట్టి ఉంటే, ఆ గోడ మీద ఖాళీగా వదిలిన జాగ ఉంటుంది చూడు, దానికి కూడా దండం పెట్టుకో. ఆ జాగ కోసం వాళ్ళు యాభయ్యేండ్లు కొట్లాడారు.

ఇక్కడ మన పటాలు ఎవరెవరి బీరువాల్లో ఉన్నాయో తెలుసుకోవాల్సిన పని చదువుకున్న మనమీద ఉంది. నేను ఈ ఏడు మా బడి పిల్లలతో చుట్టుపక్కల డక్కలి కుటుంబాలు ఎక్కడున్నాయో అడిగిస్తున్నాను. రెండు గుడిసెలు దొరికాయి. ఒక ముసలామెకు కథలో సగం యాదికుంది. పటాన్ని దాచినవాళ్ళు ఎవరైనా ఒకనాడు దాన్ని జనానికి చూపిస్తామంటే సంతోషమే. పట్నంలో అద్దం వెనక చూపించినా సరే, తెచ్చి మా చింతచెట్టు కింద విప్పినా సరే. కాని ముందు ఆ ముసలామెను అడగాలి. విప్పిననాడు మొదటి వరసలో డక్కలోళ్ళు కూర్చోవాలి. వాళ్ళ వెనక మేము కూర్చుంటాం. పబ్లిక్ మా వెనక కూర్చోవచ్చు.